బీపీ, షుగర్ రాకుండా చూసే పబ్లిక్ హెల్త్ ఉద్యోగంలో అసలు ఏం పని ఉంటుంది?

వరంగల్ చుట్టుపక్కల పల్లెల్లో ఈ పని చాలావరకు ఇంటి గడప దగ్గరే జరుగుతుంది. ఆశా వర్కర్ 30 ఏళ్లు దాటినవాళ్లను పొగాకు, మద్యం అలవాట్లు, ఇంట్లో ఎవరికైనా బీపీ, షుగర్ ఉన్నాయా అని అడిగి, నడుము కొలిచి ఫారం నింపుతుంది. ఏఎన్ఎం బీపీ, షుగర్ చూస్తుంది. బీపీ 140/90 దాటితే డాక్టర్ దగ్గరికి పంపుతారు.

అసలు కష్టం ఆ తర్వాతే. ‘నాకేం బాధ లేదు కదా, గోలీలెందుకు?’ అని చాలామంది మధ్యలోనే మానేస్తారు. వాళ్లను వదలకుండా మళ్లీ మళ్లీ కలవడమే నా దృష్టిలో ఈ ఉద్యోగానికి ప్రాణం. ఉప్పు రోజుకు 5 గ్రాములలోపు ఉండాలంటే ఎవరికీ అర్థం కాదు. వాళ్లింటి మామిడికాయ తొక్కు, అప్పడాలు, మిక్చర్ ప్యాకెట్ చూపించి చెప్పాలి. ఎంపీహెచ్ (పబ్లిక్ హెల్త్‌లో పీజీ) చేసినా, ముందు కొన్నాళ్లు ఆశా వర్కర్ వెంట తిరగండి.