టైల్స్ తర్వాత, ముందు మీ బాపు మోకాళ్ళు చూడు

చిరంజీవి బిడ్డకు పెద్దబాపు ఆశీస్సులు.

మీ ఇంట్లో పాత బాత్రూమ్ తీసి కొత్తగా చేయిస్తున్నావని నువ్వు పంపిన టైల్స్ ఫొటోలు చూశాను. బాగున్నాయి గానీ అవి ఆఖర్న చూసుకునేవి. ఆ బాత్రూమ్ వాడేది నువ్వు కాదు, మీ అమ్మా బాపూ. మీ బాపూ నేనూ నల్గొండ జిల్లా మర్రిగూడ దిక్కు ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్ళు తాగి పెరిగినవాళ్ళం. ఇప్పుడు తాగడానికి ఇంటింటికీ కృష్ణా నీళ్ళు వస్తున్నాయి, నిజమే. ఎముకలకు పట్టిన ఫ్లోరైడ్ మాత్రం అంత తేలిగ్గా వదలదు. గొంతుక్కూర్చోవడం మీ బాపుకు ఇకముందు ఇంకా కష్టం. అందుకని ఏది కొన్నా, దాని మీద ఎట్లా కూర్చుంటాడు, ఎట్లా లేస్తాడు అన్నదే ముందు చూడు.

కమోడ్ సీటుతో కలిపి 17, 18 అంగుళాల ఎత్తుంటే లేవడం సులువు. అయితే పాదాలు పూర్తిగా నేలకు ఆనాలి. షాపులోనే మీ బాపును కూర్చోబెట్టి చూడు, సిగ్గేం లేదు. గోడకు బిగించే రకం షోగా ఉంటుంది గానీ దాని ట్యాంకు గోడలోపల ఉంటుంది. మన ఉప్పు నీళ్ళకు లోపలి వాషర్లు పాడైతే ఆ చిన్న కంతలో చెయ్యి పెట్టి బాగుచేసే ప్లంబర్ కోసం తిరగాలి. నేల మీద బిగించే రకం కమోడే తీసుకో. కొనేముందు గోడ నుంచి నేలలోని పాత కమోడ్ పైపు మధ్య దాకా కొలువు. 9 అంగుళాలకు చేసింది 12 అంగుళాల చోట సరిపోదు. వాస్తు చెప్పేవాళ్ళు ఎలాగూ వస్తారు. కమోడ్ జాగ మార్చమంటే, డ్రైనేజీ పైపు ఎటు పోతుందో, ఎంత నేల తవ్వాలో ముందు వాళ్ళకు చూపించు.

కమోడ్ పక్కన, స్నానం చేసే చోట పట్టుకోవడానికి స్టీల్ రాడ్లు పెట్టించు. టవల్ రాడ్ మనిషి బరువు ఆపదు. స్టీల్ రాడ్లు ఎక్కడ రావాలో ప్లాస్టరింగ్‌కు ముందే గుర్తు పెట్టించి, గోడలో పోయే పైపులకు కొలిచే టేపు ఆనించి ఫొటోలు తీసిపెట్టుకో. రేపు డ్రిల్లింగ్ వేసేవాడు పైపును పొడవకుండా ఉంటాడు. తలుపు బయటికి తెరుచుకోవాలి. లోపల ఎవరైనా పడితే, లోపలికి తెరుచుకునే తలుపును తోయలేం.

ఇక అసలు డబ్బు పెట్టాల్సింది కంటికి కనబడని చోట. ఇన్నేళ్ళు సైట్ల మీద పని చేయించినవాణ్ని, అందుకే చెప్తున్నా. పాత షాబాద్ బండల మీదే టైల్స్ అతికిస్తానని మేస్త్రీ అంటే ఒప్పుకోకు. బండలూ వాటి కింది మాలూ మొత్తం తీయించు. వాటర్‌ప్రూఫింగ్ నేలకే కాదు, గోడకు అడుగు ఎత్తు దాకా, స్నానం చేసే వైపు ఆరడుగుల దాకా వెయ్యాలి. మూలలు, పైపుల చుట్టూ ఇంకా జాగ్రత్త. అది ఆరాక నహానీ ట్రాప్, అంటే నేలలో నీళ్ళు పోయే కంత, మూసి రెండంగుళాల నీళ్ళు నింపి ఒక రోజంతా ఉంచు. పక్క గదిలో బీరువా జరిపి గోడ చూడు. చెమ్మ కనిపిస్తే టైల్స్ ఆపు. వేడినీళ్ళ లైనుకు వేడిని తట్టుకునే ప్లాస్టిక్ పైపు, సీపీవీసీ, వేయించి, గోడ మూయకముందే పంపుతో ప్రెషర్ పెట్టి చూడమను.

నేలకు వాటం ఎనిమిదడుగులకు కనీసం అంగుళం ఉండాలి. టైల్స్ పరిచాక బకెట్ నీళ్ళు పోసి చూడు, మూలలో నిలిస్తే ఆ రోజే ఊడదీయించు. మేస్త్రీకి ఆఖరి డబ్బులు ఈ పరీక్ష అయ్యాకే.

టైల్స్ నేలకు గరుకువి, గోడకు లేత రంగువి. నల్లటి మెరిసే టైల్స్, అద్దం పార్టిషన్ మన బోరు నీళ్ళకు నెల తిరక్కుండా తెల్ల మరకలు పడతాయి, రోజూ తుడిచేది మీ అమ్మ. కొంచెం ఎక్కువే కొను, ఒకే బ్యాచ్ చూసి.

గీజర్‌కు విడిగా 16 ఆంపియర్ల లైను, మంచి ఎర్తింగ్, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్ తప్పనిసరి. వేడి మరీ ఎక్కువ పెట్టకుంటే కాయిల్‌కు ఉప్పు పేరుకోవడం కొంత తగ్గుతుంది. షవర్ పెట్టుకో గానీ, బకెట్‌కూ స్టూలుకూ జాగ ఉంచు. ఎండాకాలం నీళ్ళు తక్కువైతే బకెట్టే దిక్కు.

పని నడిచే రోజుల్లో వాళ్ళిద్దరూ ఏ బాత్రూమ్‌కు పోతారో తేల్చకుండా మాత్రం పలుగు వేయించకు. మా ఇంటికి పంపు, కింది గది ఖాళీగానే ఉంది. గది పొడవు వెడల్పులు, పాత కమోడ్ కొలత వాట్సాప్‌లో పెట్టు, మేస్త్రీతో నేను మాట్లాడతా.

మీ పెద్దబాపు