గట్టు కావాలా, వేరు కావాలా?

ప్రశ్న: మదనపల్లె దగ్గర మాకు రెండెకరాల వాలు పొలం ఉంది. గట్టి వాన పడితే మట్టి కోసుకుపోతోంది. వట్టివేళ్ల గడ్డి నాటితే గట్టు నిలుస్తుందని, తర్వాత వేళ్లు తవ్వి అమ్ముకోవచ్చని అంటున్నారు. నిజమేనా? ఆ వేళ్లు వేసిన నీళ్లు తాగితే మా అత్తగారికి షుగర్ తగ్గుతుందా?
– ఒక పాఠకురాలు

జవాబు: గట్టు నిలవడమూ నిజమే, వేళ్లు అమ్ముడుపోవడమూ నిజమేనమ్మా. కానీ రెండూ ఒకే గట్టు మీద కుదరవు. ఈ గడ్డి వేళ్లు పక్కలకు పెద్దగా పాకవు, నిలువునా దిగుతాయి. అనువైన నేలలో మొదటి ఏడాదే 3 మీటర్ల దాకా వెళ్తాయి. మట్టిని పట్టి ఉంచేవి అవే. వాటిని తవ్వితే గట్టును మీరే గుల్ల చేసుకున్నట్టు. వట్టివేళ్ల నూనెకు పేరుపడ్డ హైతీ దేశంలో కొండవాలుల్లో ఇలా తవ్వడం వల్లే నేలను పోగొట్టుకుంటున్నారు. అమ్మకానికైతే చదునైన ఇసుక నేలలో విడిగా వేసుకోండి, 15–18 నెలలకు తవ్వుతారు. అదీ కొనేవాళ్లెవరో తేల్చుకున్నాకే.

గట్టు మీదైతే, వానలు పడి నేల బాగా తడిశాక నాటండి. పిలకకు ఆకు జానెడు, వేరు బెత్తెడు ఉంచి కత్తిరించాలి. వాలుకు అడ్డంగా, ఒకే మట్టంలో, 10–15 సెంటీమీటర్ల ఎడంతో పెట్టాలి. చాలామంది అడుగుకొకటి నాటి, సందుల్లోంచి నీళ్లు దూసుకుపోతుంటే గడ్డిని తిడతారు! చచ్చినచోట ఆ వానాకాలంలోనే మళ్లీ పిలక పెట్టండి. చెట్ల నీడలో ఇది సరిగా రాదు. దుబ్బులు కలిసి వరస కట్టాయంటే నీటి వేగం తగ్గి, కొట్టుకొచ్చిన మట్టి అక్కడే ఆగుతుంది. కొనేటప్పుడు గింజ మొలవని దక్షిణాది రకమే అడగండి. ఉత్తరాది రకాల గింజ రాలి పొలంలో మొలవొచ్చు.

ఇక అత్తగారి సంగతి. ఆయుర్వేదంలో దీన్ని ఉశీరం అంటారు. జ్వరంలో దాహానికిచ్చే షడంగ పానీయంలో తుంగముస్తలు, శొంఠి వంటివాటితో పాటు ఇదీ పడుతుంది. ఎండాకాలం కుండలో చిన్న కట్ట వేస్తే నీళ్లకు మంచి వాసన. మా ఇంట్లో మార్చి వస్తే అదే పని. కానీ షుగర్ మాత్ర చేసే పని ఇది చేస్తుందని నేను చెప్పను, మాత్ర ఆపనివ్వకండి. ఇంకోటి, కిటికీ తడికలకు అమ్మే వేళ్లు తాగే నీళ్లలో వద్దు, వాటికి సెంటు కొట్టి ఉండొచ్చు. మూలికల అంగడిలో కొని, మట్టి పోయేదాకా కడిగి వేసుకోండి. జిగురుగా తగిలితే పారేయండి.