స్తంభం లేని చోట మెడ వంచినాయన

చిరంజీవికి ఆశీస్సులు.

ఇంగ్లండ్‌లో లివర్‌పూల్ నగరపు ఎవర్టన్ ఫుట్‌బాల్ క్లబ్బు, గుడిసన్ పార్క్ అనే పాత గ్రౌండ్ వదిలి కొత్త స్టేడియానికి మారింది కదా, అక్కడ ఆట చూసి నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి చిరాకు, రెండోసారి కోపం వచ్చింది. కోపమెందుకంటే, నాలుగో పేజీలో బ్రాకెట్లు పెట్టి ఒక వాక్యం రాశావు. పక్క సీటు పెద్దాయన ఆటంతా మెడ పక్కకి వంచుకునే చూశాడనీ, పాత గ్రౌండ్‌లో ఆయన సీటుకి ఎదురుగా స్తంభం ఉండేదనీ. అంతే. వెంటనే మళ్లీ పెద్ద తెరల దగ్గరికి పరుగెత్తావు.

దాన్ని బ్రాకెట్లలో పెట్టావేమిటయ్యా! పెట్టాల్సింది మిగతా పేజీలన్నిటినీ.

"మెర్సీ నది మీద తేలే ఓడలాంటి స్టేడియం" అన్నావు. నువ్వేమో శాండ్‌హిల్స్ స్టేషన్‌లో దిగి, జనంలో పడి నడిచి వెళ్లానని అంతకు ముందు పేరాలోనే చెప్పావు. మరి ఆ ఓడ ఎవరికి కనబడింది? డ్రోన్‌కి. జనంలో నడిచేవాడికి కనబడేవి ముందువాడి వీపూ, డాక్ పాత గోడా. ఇక 52 వేల పైచిలుకు సీట్లు, స్టేడియం కోసం 1848 నాటి ఓడల రేవు బ్రామ్లీ-మూర్ డాక్‌ని సముద్రపు ఇసుకతో పూడ్చడం, 2021లో యునెస్కో లివర్‌పూల్‌ని వారసత్వ జాబితాలోంచి తీసేయడం. అన్నీ నిజాలే, కానీ హాజరు పట్టీలో పేర్లలా ఒకే పేరాలో చదివేశావు. ఆ ఇసుక ఒక్కటీ చాలు కదా. ఓడలు ఆగిన నీళ్లుండే చోట నువ్వు నిలబడి అరిచావు. అది తెలిశాక ఒక్కసారైనా కిందికి చూశావా?

నాకో మొండి నమ్మకం ఉంది. నన్నెరిగినవాళ్లంతా విని విని విసిగిపోయారు, ఇప్పుడు నీ వంతు. రాసేవాడు తన సీటు మారకూడదు. స్తంభం వెనక సీటొస్తే అక్కడి నుంచే రాయాలి. సగం గోల్ కనబడితే సగమే రాయాలి, మిగతా సగం జనం అరుపుని బట్టి తెలిసిందని ఒప్పుకోవాలి. గుడిసన్ పార్క్‌లో తరతరాలు ఆట చూసింది అలాగే. 1966 ప్రపంచ కప్‌లో ఉత్తర కొరియా మీద పోర్చుగల్ ఆటగాడు యుసేబియో నాలుగు గోల్స్ కొట్టింది అక్కడే. వాటిల్లో రెండే చూసి, నాలుగూ చూశానని ఇంటికెళ్లి చెప్పినవాడు ఒక్కడైనా ఉండే ఉంటాడు. నాకు వాడి కథ కావాలి.

ఇంకోటి. గుడిసన్ తెరిచింది 1892 ఆగస్టు 24న అని మొదటి పేజీలో రాశావు. కొత్త స్టేడియంలో మొదటి లీగ్ మ్యాచ్, బ్రైటన్ మీద, 2025 ఆగస్టు 24న అని మూడో పేజీలో రాశావు. ఒకే తేదీ! నీకే తట్టలేదు. 1892లో ఆ రోజు అసలు ఫుట్‌బాలే ఆడలేదు, పరుగు పందేలూ బాణాసంచా పెట్టారు. 2025 మే 18న సౌతాంప్టన్ మీద పాత గ్రౌండ్‌లో రెండు గోల్స్ కొట్టి వీడ్కోలు పలికిన ఎవర్టన్ ఆటగాడు ఎన్‌డియాయే, కొత్త గ్రౌండ్‌లో మొదటి లీగ్ గోలూ తనే కొట్టాడు. లెక్కలంటే ఇవయ్యా, సీట్ల సంఖ్య కాదు.

"గుడిసన్ ఇక లేదు" అని ఒక పేజీ ఏడ్చావు. ఉంది. ఎవర్టన్ మహిళల జట్టు అక్కడే ఆడుతోంది. ఇప్పుడు ఎవరు ఏం రాసినా చివరికి పోయినదాని కోసం ఏడుపే. ఏడవకపోతే సాహిత్యం కాదన్నట్టు తయారైంది. బతికున్నదానికి తద్దినం పెట్టకు.

నీ క్లబ్బు పేరు చూడగానే నాకు 1980 మార్చి గుర్తొచ్చింది. అప్పుడు నేనొక పత్రికలో ట్రైనీని, రాత్రి డ్యూటీ. టెలిప్రింటర్ మీద వార్త వచ్చింది: 1927-28 సీజన్‌లో ఎవర్టన్ తరఫున ఒక్కడే 60 లీగ్ గోల్స్ కొట్టిన డిక్సీ డీన్, గుడిసన్‌లోనే, లివర్‌పూల్ జట్టుతో మ్యాచ్ చూస్తూ చనిపోయాడు. నాకు చేతులాడలేదు. గంట కూర్చుని ఎనిమిది వాక్యాలు రాశాను. డెస్క్ ఇన్‌చార్జి రెండు వాక్యాలకి కోశాడు, తర్వాత ఆ రెండూ తీసేసి లుంగీల ప్రకటన పెట్టించాడు. "ఫుట్‌బాల్ ఎవడు చదువుతాడయ్యా, క్రికెట్ స్కోరుకే చోటు లేదు" అన్నాడు. ఆ ఎనిమిది వాక్యాలు నాకిప్పటికీ నోటికి వచ్చు. అందులో ఆరు చెత్త, అది వేరే సంగతి.

తర్వాత నా మొదటి కథ వేసిన వారపత్రిక సంపాదకుడు ఇంకో అడుగు ముందుకేశాడు. చివర్లో "జీవితమూ ఒక ఆటే కదా!" అని తనే ఒక లైను కలిపాడు. నా పేరు కింద అచ్చయింది. నలభై ఏళ్లయినా ఆ సంచిక బయటికి తీయను. నీ వ్యాసం చివరి లైను చూసి ఒళ్లు మండింది అందుకే. నీకు కలిపేవాళ్లు కూడా అక్కర్లేకపోయింది, అలాంటి లైను నువ్వే రాసుకున్నావు.

తెలుగు మాటల గురించి అడిగావు. గోల్‌కీపర్‌ని గోల్‌కీపర్ అనే అను. "బంతి రక్షకుడు" అంటే నాకు నవ్వొచ్చింది, అక్కడ పిక్‌ఫర్డ్ పెనాల్టీ ఆపుతుంటే నేను ఇక్కడ నవ్వుతూ కూర్చున్నాను. ఏ పత్రికకి పంపాలన్న ప్రశ్నా, శీర్షిక గురించీ తర్వాత చూద్దాం.

మళ్లీ మ్యాచ్‌కి వెళ్తే, ఆ పెద్దాయన పక్కన ఉంటే, స్తంభం సంగతి అడుగు. ఎన్నేళ్లు దాని వెనక కూర్చున్నాడో, ఏ గోల్ తప్పిపోయిందో. ఆయన మెడ ఎటు వంచాడో కూడా నువ్వు రాయలేదు. కుడికా, ఎడమకా?