బోటు అడుగున ఆల్చిప్పలు, మ్యాపులో చుక్కలు

ప్రశ్న: మాది విశాఖపట్నం, నాన్నకి బోటు ఉంది. మొన్న ఒడ్డుకి లాగి అడుగు గీకుతుంటే వేలిగోరంత నల్లటి ఆల్చిప్పలు గుత్తులుగా రాలాయి. ఫొటో తీసి, మొక్కల్ని, జీవుల్ని చూసి పేరు చెప్పుకునే ఐనాచురలిస్ట్ యాప్‌లో పెడితే, బయటి దేశం జాతి కావచ్చు అని ఎవరో రాశారు. ఇలా పెట్టడం వల్ల నిజంగా ఉపయోగం ఉందా? లొకేషన్ చూపించొచ్చా?
– డిగ్రీ విద్యార్థిని

జవాబు: చాలా ఉపయోగం అమ్మా, అందులోనూ మీ ఊరి నుంచి. 1967లో మీ హార్బర్‌లోనే మిటిలోప్సిస్ సాలై అనే చిన్న ఆల్చిప్ప బయటపడింది, దాని సొంత ఊరు కరీబియన్ సముద్రం వైపు, ఓడల్ని పట్టుకునే ఇంత దూరం వచ్చిందని అనుకుంటారు. ఆంధ్రా యూనివర్సిటీ వాళ్లు దాని మీద రాసిన పేపరు అచ్చయ్యేసరికి 1971 వచ్చేసింది, ఈలోపు అది ఇక్కడ స్థిరపడిపోయింది, తర్వాత ముంబైలోనూ కనిపించింది. అదే ఆల్చిప్ప 1999లో ఆస్ట్రేలియాలోని డార్విన్‌లో కనిపిస్తే వాళ్లు పడవలు నిలిపే చోట్లు మూసేసి, నీళ్లలో క్లోరిన్, కాపర్ సల్ఫేట్ పోసి పూర్తిగా తీసేయగలిగారు, ఎందుకంటే అప్పటికింకా అది కొద్దిచోట్లే ఉంది. కబురు ఎంత తొందరగా తెలిస్తే అంత మేలు అని నేను గట్టిగా చెప్పేది అందుకే.

ఇప్పుడు మీ ఫొటో సంగతి. తేదీ, చోటు ఉండి, చూసినవాళ్లలో మూడింట రెండొంతుల మంది కంటే ఎక్కువ ఒకే జాతి పేరు చెబితే అది రీసెర్చ్ గ్రేడ్, అంటే పరిశోధనకి పనికొచ్చేది అవుతుంది, అక్కడి నుంచి ఏ జీవి ఎక్కడ కనిపించిందో దాచిపెట్టే జీబిఫ్ అనే ప్రపంచ డేటాబేస్‌లోకి వెళ్తుంది, ఎవరైనా ఫ్రీగా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. కానీ సెట్టింగ్స్‌లో లైసెన్స్ చూసుకోండి, అన్ని హక్కులూ నావే అని పెట్టుకుంటే అది జీబిఫ్‌కి వెళ్లదు. చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు.

పై నుంచి తీసిన ఫొటో ఒక్కటే చాలదమ్మా. చిప్ప తెరిచి లోపలి వైపు కూడా తీయండి, ఈ మిటిలోప్సిస్ జాతికి చిప్ప ముక్కు కొస దగ్గర లోపల చిన్న అరలాంటిది ఉంటుంది, మన మామూలు పచ్చ ఆల్చిప్పకి అది ఉండదు. పక్కన రూపాయి బిళ్ల పెడితే సైజు తెలుస్తుంది.

లొకేషన్ దాచకండి. దాస్తే యాప్ మ్యాపులో మీ ఫొటో చుక్కని దాదాపు 20 కిలోమీటర్ల గడిలో ఎక్కడో వేస్తుంది, ఏ జెట్టీనో తెలియకపోతే వెతికేవాళ్లకి ఏం లాభం? ఒక్కటే జాగ్రత్త, నేవీ ఏరియా వైపు మాత్రం ఫొటోలు తీయొద్దు.

ఇంకో సంగతి, మ్యాపులో చుక్క లేని చోట ఆ జీవి లేదని అనుకోవద్దు, అక్కడ ఎవరూ చూడలేదేమో. ఎవరైనా చూసి చెబితేనే చుక్క పడుతుంది. లయన్‌ఫిష్ అనే చేప సంగతే చూడండి, మన సముద్రాల్లో అది ఇక్కడిదే, కానీ 1985లో ఫ్లోరిడా దగ్గర కనిపించాక అమెరికా జియలాజికల్ సర్వే వాళ్ల మ్యాపులో ఏటికేడు చుక్కలు కరీబియన్ అంతా నిండిపోయాయి. ఆ చుక్కల్లో చాలా వరకు డైవింగ్ చేసేవాళ్లు, చేపలు పట్టేవాళ్లు చెప్పినవే.

ఈసారి బోటు లాగినప్పుడు నాన్నగారిని అడిగి, పోయినసారి ఎప్పుడు గీకారో, ఈ మధ్య ఏయే రేవులకి వెళ్లొచ్చారో కూడా ఆ ఫొటో కింద రాసి పెట్టండి.