తేనె బీరుకు గ్యాసు పట్టడం ఆలస్యమైతే

ప్రశ్న: మూడో వంతు తేనె, మిగతాది మాల్టు (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) వేసి ఇంట్లో 20 లీటర్ల బీరు తయారు చేశాను. ఆల్కహాలు 8 శాతం దాకా వచ్చింది. రెండు నెలలు పాత్రలోనే తేరనిచ్చి, గ్యాసు పట్టడానికి లీటరుకు 6 గ్రాముల తేనె కలిపి, 330 మిల్లీలీటర్ల సీసాల్లో నింపి మూతలు బిగించాను. 16 డిగ్రీల గదిలో మూడు వారాలు ఉంచినా గ్లాసులో నాలుగు బుడగలు తప్ప నురగ లేదు. రుచిలో మాత్రం తీపి తెలుస్తోంది. సీసాకో చెంచాడు పంచదార వేసి మళ్లీ మూత పెట్టమని మిత్రులంటున్నారు. అలా చేయవచ్చా?

జవాబు: దయచేసి ఆ పని చేయకండి. చెంచాడు పంచదార సుమారు 4 గ్రాములు ఉంటుంది. మీ సీసా లెక్కన అది లీటరుకు 12 గ్రాములవుతుంది, అంటే మామూలు మోతాదుకు దాదాపు రెట్టింపు. మీరు ముందు కలిపిన తేనె కూడా ఇంకా లోపలే ఉంది గనుక, ఎప్పుడో ఒకనాడు ఈస్ట్ (చక్కెరను తిని ఆల్కహాలునూ గ్యాసునూ పుట్టించే సూక్ష్మజీవి) పుంజుకొని రెండింటినీ తినేస్తే సీసాలు పగలవచ్చు.

తీపి తగులుతోందంటే తినడానికి సరుకు ఉందనీ, తినవలసిన ఈస్ట్ మందగించిందనీ అర్థం. అందుకు కారణాలు మీ ఉత్తరంలోనే ఉన్నాయి. 16 డిగ్రీల వద్ద ఏల్ ఈస్ట్ (కాస్త వెచ్చదనంలో పులియబెట్టే రకం) నెమ్మదిగా కదులుతుంది. 8 శాతం ఆల్కహాలు దాన్ని నీరసపరుస్తుంది. రెండు నెలల్లో చాలా భాగం అడుగున మడ్డిగా చేరిపోయి ఉంటుంది. పైగా తేనెలో ఈస్ట్‌కు కావలసిన నత్రజని బహు తక్కువ, అందులో ఎక్కువగా ఉండే ఫ్రక్టోజ్ అనే చక్కెరను ఈస్ట్ గ్లూకోజ్ తరువాతే అందుకుంటుంది.

అయితే ఒక అనుమానం తీర్చుకోనిదే ముందుకు వెళ్లవద్దు. లీటరుకు 6 గ్రాముల తేనె నాలుకకు అంతగా తెలియదు. తీపి స్పష్టంగా ఉంటే అసలు పులియడమే మధ్యలో ఆగిపోయి ఉండవచ్చు. ఒక సీసా బీరును రెండు పాత్రల మధ్య మార్చి మార్చి పోసి, గ్యాసు పోయాక హైడ్రోమీటరుతో (ద్రవం సాంద్రత, అంటే గ్రావిటీ కొలిచే సాధనం; నీటికి 1.000 చూపుతుంది, చక్కెర ఎక్కువుంటే కొలత పెరుగుతుంది) కొలవండి. సీసాలు నింపే ముందటి కొలతకంటే అది 0.002 మేర ఎక్కువగా ఉంటే, కలిపిన తేనె అలాగే ఉన్నట్లు. నింపే ముందటి కొలతే 1.020 దగ్గర ఉండి ఉంటే మాత్రం సీసాలను వెచ్చదనానికి తీసుకుపోకుండా చల్లగానే ఉంచి, త్వరగా తాగేయడం మేలు, ఎందుకంటే గ్రావిటీ 0.001 దిగిన ప్రతిసారీ లీటరుకు సుమారు 1 గ్రాము కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది.

కొలత సవ్యంగా ఉంటే సీసాలను 21 నుంచి 24 డిగ్రీల చోటికి మార్చి, ఒక్కొక్కదాన్నీ మెల్లగా తలకిందులు చేసి మడ్డిని లేపి, రెండు వారాలు వదిలేయండి. ఆ తరువాత ఒకదాన్ని ఒకటి రెండు రోజులు ఫ్రిజ్‌లో ఉంచాకే తెరవండి. వెచ్చని బీరులో గ్యాసు నిలవదు, దాన్ని చూసి తీర్పు చెప్పడం తొందరపాటు. అప్పటికీ చలనం లేకపోతే, ఆల్కహాలును తట్టుకునే షాంపేన్ ఈస్ట్ 2 గ్రాములను కాచి చల్లార్చిన గోరువెచ్చని నీటిలో నానబెట్టి, సీసాకు కొన్ని చుక్కల చొప్పున వేసి కొత్త మూతలు బిగించండి. తీపి పూర్తిగా పోయి కూడా బీరు చప్పగానే ఉంటే అప్పుడు మూతలను అనుమానించాలి: సీసాను మూత మునిగేలా నీటిలో నిలబెడితే కారే చోట బుడగలు కనిపించవచ్చు.

అంతా సవ్యంగా జరిగినా మీ బీరుకు పొంగు కొంచెం తక్కువే ఉంటుంది. తేనెలో దాదాపు ఐదో వంతు చక్కెర కాదు గనుక, పంచదార 6 గ్రాములు వేసే చోట తేనె 7.5 గ్రాములు పడుతుంది. ఈసారి ఆ కొలత ప్రకారం తేనెను కాచిన నీటిలో కరిగించి, మొత్తం బీరులో సమంగా కలిపి, ఇన్నాళ్లు తేర్చిన బీరైతే సీసాలు నింపే రోజునే కాస్త కొత్త ఈస్ట్ కూడా చేర్చండి.