విప్పకముందే అడుగు, బిడ్డా

బిడ్డా,

నువ్వు కారు కొన్నావని మీ నాయన చెప్పినప్పుడు ఎంత సంతోషపడ్డానో. మన ఇంట్లో ఆడపిల్ల పేరు మీద ఆర్‌సీ రావడం ఇదే మొదలు. మీ పెద్దమ్మ వాడకట్టంతా తిరిగి చెప్పి వచ్చింది. నిన్న మీ నాయన మళ్లీ ఫోన్ చేశాడు. బ్రేకు తొక్కితే కీచుమంటోందనీ, క్లచ్ బరువుగా ఉందనీ, శనివారం షెడ్డులో ఇచ్చి ఆదివారం తెచ్చుకుని, సోమవారం అమ్మానాన్నలను శ్రీశైలం తీసుకెళ్తావనీ అన్నాడు. అప్పటి నుంచి నాకు టెన్షనే. నీ డ్రైవింగ్ మీద అనుమానం లేదు, దేవరకొండ రోడ్డులో నీ పక్కన కూర్చుని చూసినవాణ్ణే. నా భయం షెడ్డుతో, ఆ తర్వాత ఘాట్‌తో.

చిన్న సంగతులు ముందు చెప్పేస్తాను. బండి ఇచ్చేటప్పుడు కిలోమీటర్ల రీడింగ్, పెట్రోలు ముల్లు, నాలుగు పక్కలా గీతలు, స్టెప్నీ, జాకీ ఫోటోలు తీసుకో. బ్యాటరీ మీద నంబరు, టైర్ల మీద తయారైన వారం, సంవత్సరం చెప్పే నాలుగంకెలు కూడా తియ్యి. ఒరిజినల్ కాగితాలు డ్యాష్‌బోర్డులో వదలకు. చెయ్యాల్సిన పనులు రాసుకునే జాబ్ కార్డు ఖాళీగా ఉంటే దాని మీద సంతకం పెట్టకు. ఇవి నీకు తెలియనివి కావు.

తెలియనిది మీ నాయన కథ. తనంతట తాను చెప్పడు కాబట్టి నేనే చెబుతున్నాను, చదివాక ఆయనను ఏమీ అడగకు.

నువ్వు హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి చదువుకునే రోజులవి. పాత డీజిల్ కారు. ఎత్తు ఎక్కాలంటే ఇంజన్ అరుస్తుంది కానీ బండి ముందుకు పోదు. క్లచ్ జారుతోందని వింటేనే తెలిసిపోతుంది. ఆర్టీసీ గ్యారేజీలో నాకు వీక్లీ ఆఫ్ వచ్చేదాకా ఆగరా, నేనే చూస్తానన్నాను. వినలేదు. హైవే పక్కన ఒక షెడ్డులో వదిలేసి బస్సెక్కి వచ్చాడు. వస్తూ వస్తూ మేస్త్రీతో, "ఏం చెయ్యాల్నో చెయ్యి అన్నా, బండి మంచిగుండాలె" అన్నాడట. పెద్దమనిషి తరహాలో అన్నాననుకున్నాడు. వాడికి మాత్రం అది సంతకం పెట్టిన ఖాళీ చెక్కు.

మర్నాడు ఫోను. గేర్‌బాక్స్ దించాం సార్, క్లచ్ ప్లేటుతో పాటు దాన్ని నొక్కి పట్టే ప్రెషర్ ప్లేటూ పోయింది. సరే అన్నాడు. మధ్యాహ్నం మళ్లీ ఫోను, రిలీజ్ బేరింగ్ మోత వస్తోంది. సాయంత్రం ఫ్లైవీల్ మీద గీతలున్నాయి, లేత్‌కు పంపాలి. ఆ మర్నాడు ఇంజన్ వెనక ఆయిల్ సీల్ కారుతోంది, ఇప్పుడే మార్చకపోతే దాని కోసం గేర్‌బాక్స్ మళ్లీ దించాలి. ఇందులో తప్పు మాట ఒక్కటీ లేదు, తమాషా అంతా అక్కడే ఉంది. క్లచ్ పని చేస్తే ఇవన్నీ చూడాల్సిందే, నేనైనా చూస్తాను. కానీ ఎనిమిది వేలని చెప్పిన పని ఇరవై ఆరు వేలు ఎలా అవుతుందో మొదటి రోజే చెప్పవచ్చు. చెప్పలేదు, ఈయనా అడగలేదు. తీరా వెళ్లి చూస్తే గేర్‌బాక్స్ నేల మీద ఉంది, నట్లూ బోల్టులూ డీజిల్ పోసిన రేకు డబ్బాలో మునిగి ఉన్నాయి. ఆ స్థితిలో బండిని ఇంకో షెడ్డుకు ఎట్లా తీసుకుపోతాడు? అడిగినంతా కట్టాడు. బిల్లు అడిగితే నోట్‌బుక్‌లోంచి చించిన కాగితం మీద మొత్తం ఒక్కటే రాసి ఇచ్చారు. షెడ్డు పేరు లేదు, తేదీ లేదు.

కొన్ని నెలలకే మళ్లీ జారడం మొదలైంది. ఈసారి నేనే దించాను. ప్రెషర్ ప్లేటు కవరు నల్లగా నిగనిగలాడుతోంది. స్క్రూడ్రైవర్ మొనతో గీకితే రంగు పెచ్చులుగా లేచి, కింద పాత తుప్పు బయటపడింది. క్లచ్ ప్లేటు చూశాను. పైన రాపిడి పొర, అదే ఫేసింగ్, కొత్తది, రివెట్లు కొత్తవి, నడిమి హబ్బు మాత్రం అరిగిన పాతదే. దాని స్ప్రింగులు వేలితో కదిలిస్తే కటకటలాడుతున్నాయి. పాతదానికే ఫేసింగ్ వేసి, రంగు కొట్టి, కొత్త సెట్టు ధర తీసుకున్నారు. మీ నాయన వాటిని సంచిలో వేసుకుని షెడ్డుకు పోయాడు. "మేం వేసిన సామాను ఇది కాదు సార్, తర్వాత ఎక్కడ మార్పించుకున్నరో" అన్నారు. ఏం చూపిస్తాడు? బిల్లు లేదు, తీసేసిన పాత సామాను లేదు. వినియోగదారుల ఫోరానికి పోదామంటే మొహం చాటేశాడు. నష్టం కంటే నలుగురికీ తెలుస్తుందన్న సిగ్గే ఎక్కువైంది.

మా డిపోలో పాత సామాను స్టోరులో అప్పజెప్పనిదే కొత్తది చేతికి ఇచ్చేవాళ్లు కాదు. ఆ పద్ధతి నువ్వూ పెట్టుకో. మార్చిన ప్రతి ముక్కా నాకు తిరిగి ఇవ్వాలని మొదటే చెప్పి, జాబ్ కార్డులో రాయించు. కొత్తది బిగించకముందు దాని డబ్బా, దాని మీది ఎమ్మార్పీ, పార్ట్ నంబరు ఫోటో తియ్యి. కంపెనీ సామానా, బయటి కంపెనీదా, పాతదాన్ని బాగుచేసిందా అన్నది బిల్లులో ఉండాలి. బయటిది వేసుకోవడం తప్పేం కాదు, చెప్పి వెయ్యాలంతే.

మేస్త్రీలందరూ దొంగలని నేననను. నా స్నేహితుల్లో సగం మంది వాళ్లే. విప్పితే కానీ తెలియని రోగాలు నిజంగానే ఉంటాయి. అందుకే అడగవలసిన మాట ఒకటుంది: "విప్పి చూడటానికి ఎంత? నాకు వద్దనిపిస్తే మళ్లీ బిగించి ఇవ్వడానికి ఎంత?" నిజాయితీ ఉన్నవాడు దీనికి కోపం తెచ్చుకోడు. లేబర్ వేరుగా, సామాను వేరుగా ఎస్టిమేట్ రాయించి, "దీనికి మించితే నేను మెసేజ్‌లో ఒప్పుకున్నాకే చెయ్యాలి" అని కింద ఒక లైను పెట్టించు. ఫోన్లో "సరే" అనకు. ఆఫీసులో మెయిల్ రానిదే పని ముట్టనంటావు కదా, నీ సొంత బండికి నోటి మాట చాలా? "మేడమ్‌కు ఏం తెలుస్తది" అన్న చూపు ఒకటి ఉంటుంది అక్కడ. దానికి జవాబు గట్టిగా మాట్లాడటం కాదు, బండి పక్కన నిలబడి చూపించమనడమే.

ఇక బ్రేకులు. కీచుమంటే వెంటనే "డిస్కులు కూడా పోయినయి" అంటారు. ఉండాల్సిన కనీస మందం చాలా డిస్కుల మీదే చెక్కి ఉంటుంది. నీ ముందే వెర్నియర్‌తో కొలవమను. ప్యాడ్ల మందం మూడు మిల్లీమీటర్ల దగ్గరికి వస్తే మాత్రం బేరమాడకుండా మార్పించు. బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్చారో పాత ఓనరు చెప్పలేకపోతే అది కూడా. గాలిలోని తేమను లాక్కుంటుంది అది. ఘాట్ దిగుతూ అదేపనిగా బ్రేకు మీద కాలు పెడితే వేడికి ఆ నీరు ఆవిరై, పెడలు మెత్తగా కిందికి పోతుంది. దోమలపెంట దాటి డ్యామ్ వైపు దిగే మలుపుల్లో అట్లా అయిన బండ్లను చూశాను, అందుకే ఇంత నస. ఎక్కేటప్పుడు ఏ గేరు వేస్తావో దిగేటప్పుడూ అదే గేరు. ఇంజన్‌లో మసి తీసే డీకార్బనైజింగ్, బండి రంగు మీద పూసే టెఫ్లాన్ కోటింగ్ అని ప్యాకేజీ కార్డు చేతిలో పెడతారు, అవి ఇప్పుడు వద్దు. ఆ పైసలు బ్రేకులకు పెట్టు.

బండి తీసుకునేటప్పుడు మేస్త్రీని పక్కన కూర్చోబెట్టుకుని పానగల్ దాకా పోయి రా. తర్వాతే డబ్బు. డబ్బు పంపడానికి ఫోన్‌తో క్యూఆర్ కోడ్ స్కాన్ చేసేటప్పుడు షెడ్డు పేరు వస్తోందో, ఎవరో మనిషి పేరు వస్తోందో చూడు.

గొడవే అయితే బండిని బలవంతంగా తెచ్చుకోవాలని చూడకు. చేసిన పనికి కూలి ముట్టేదాకా వస్తువును ఆపుకునే హక్కు రిపేరు చేసినవాడికి 1872 కాంట్రాక్టు చట్టం 170వ సెక్షన్‌లో ఉంది. కట్టి, "అభ్యంతరంతో కడుతున్నాను" అని బిల్లు మీద రాసి, ఫోటో తీసుకుని బండి తెచ్చుకో. తర్వాత షెడ్డుకు స్పీడ్ పోస్టులో ఒక ఉత్తరం, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఒక ఫిర్యాదు. అప్పటికీ దారికి రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం వచ్చాక నువ్వు ఉండే చోటో, ఉద్యోగం చేసే చోటో కేసు వేసుకోవచ్చు. చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు. రెండేళ్ల లోపు వెయ్యాలి. బిల్లు ఇవ్వకపోవడాన్ని కూడా ఆ చట్టం అనుచిత వ్యాపార పద్ధతుల్లో చేర్చింది. మీ నాయనకు అప్పుడు ఈ సంగతులు ఎవరైనా కూర్చోబెట్టి చెప్పి ఉంటే బాగుండేది.

శనివారం మాత్రం వద్దు. వారాంతం రద్దీ, సామాను దొరకలేదంటారు, ఆదివారం కాస్తా సోమవారం సాయంత్రం అవుతుంది. శ్రీశైలం దారిలో అడవి ముందున్న మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా మూసి ఉంటుంది. గేటు పడేలోపు దాటాలని అడవిలో ఉరికిస్తావు, అప్పుడే రిపేరు చేసిన బ్రేకులతో. మంగళవారం ఇవ్వు, శ్రీశైలం పై వారం పెట్టుకో. మల్లన్న ఎక్కడికీ పోడు. ఆలస్యమైతే మీ అమ్మ గొణుగుతుంది, నా మీదికి తోసెయ్యి.

ఎస్టిమేట్ కాగితం చేతికి రాగానే ఫోటో తీసి మీ పెద్దమ్మ వాట్సాప్‌కు పంపు, నా ఫోన్లో అక్షరాలు కనబడటం లేదు. నేను చూసి చెప్పేదాకా బండి మీద స్పానర్ పడొద్దని మేస్త్రీకి చెప్పు.

మీ పెద్దనాయన