నిద్రలో ఊపిరిని కొలిచే పనికి ఏ చదువు?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లె. మావారికి గురక బాగా ఎక్కువై కాకినాడలో రాత్రంతా నిద్ర పరీక్ష చేయించాం. ఇప్పుడు మాస్కులోంచి ఒత్తిడితో గాలి పంపే సీప్యాప్ మెషిన్ పెట్టుకుని పడుకుంటున్నారు. ఆ రాత్రి తోడు వచ్చిన మా అమ్మాయి, అప్పటి నుంచి అలాంటి పనే చేస్తానంటోంది. ఇంటర్ ఎంపీసీ రెండో ఏడాది. బంధువులంతా సీఎస్‌ఈ అంటున్నారు. బైపీసీ తీసుకోలేదే అని టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, బెంగ పెట్టుకోకండి. మీ పాపకు నచ్చిన పనిలో చాలా భాగం ఫిజిక్సే.

మీ పంట బోదెలో గుర్రపుడెక్క పేరుకుందనుకోండి. శివారుకు నీళ్లు తక్కువ వస్తున్నాయని చూస్తే చాలదు. పైన ఎంత మట్టం ఉంది, కింద ఎంత ఉంది, ఎంత పారుతోంది అన్నీ చూస్తేనే అడ్డు ఎంతో తెలుస్తుంది. శ్వాస దారిలోనూ అంతే. రెండు చోట్ల ఒత్తిడికి ఉన్న తేడాను గాలి ప్రవాహంతో భాగిస్తే వచ్చేదే రెసిస్టెన్స్, అంటే ఆ అడ్డు. ఆ ఒత్తిడిని కొలిచేదీ నీటి మట్టం ఎత్తుతోనే, సెంటీమీటర్లలో. మీవారి మెషిన్ మీద కనిపించే అంకె అదే. కాకపోతే గొంతు సిమెంటు కాలువ కాదు. నిద్రలో కండరాలు సడలి గోడలు లోపలికి వాలతాయి. అందుకే నిద్రలోనే కొలవాలి.

చిక్కంతా అక్కడే. ముక్కులోంచి అన్నవాహికలోకి సన్నని గొట్టం దింపితే ఊపిరికి ఎంత కష్టపడుతున్నారో కచ్చితంగా తెలుస్తుంది. కానీ గొట్టంతో హాయిగా నిద్రపోయేదెవరు? అందుకని మామూలుగా ముక్కు దగ్గర కాన్యులా అనే చిన్న గొట్టం పెట్టి, తెర మీద గాలి ప్రవాహం గీత చూస్తారు. నేనొకసారి ల్యాబ్‌లో కూర్చుని చూశాను. మామూలు ఊపిరికి గీత గుండ్రంగా లేస్తుంది. దారి ఇరుకైతే తల చెక్కిన బొండాంలా పైన చదునైపోతుంది. ఊపిరి పూర్తిగా ఆగకపోయినా, ఆ శ్రమకే నిద్ర చెదిరిపోతుందని 1993లో గిల్మినో అనే డాక్టరు బృందం వివరించింది. మాస్కులోంచి చిన్న గాలి కంపనాలు పంపి, మనిషిని లేపకుండానే రెసిస్టెన్స్ లెక్కగట్టే పద్ధతీ ఉంది. మీ పాపలాంటి వాళ్లకు పని దొరికేది ఇలాంటి చోటే.

రాత్రి పక్కనుండి పరీక్ష చేసేవాళ్లు ఎక్కువగా రెస్పిరేటరీ థెరపీ లాంటి కోర్సులు చదివినవాళ్లు. వాటికి చాలాచోట్ల బైపీసీ అడుగుతారు, నైట్ డ్యూటీలు తప్పవు. దానికోసం పాప ఇప్పుడు గ్రూపు మారడం నాకు ఇష్టం లేదు. పరికరాలు తయారుచేసే, ఆ గీతలను లెక్కలతో చదివే దారి బయోమెడికల్ ఇంజినీరింగ్. ఉస్మానియాలో ఉంది, ఐఐటీ హైదరాబాద్‌లో ఉంది. సీటు రాకపోతే ఈసీఈ తీసుకుని సిగ్నల్ ప్రాసెసింగ్ (ఇలాంటి గీతలను లెక్కలతో చదివే విద్య) గట్టిగా నేర్చుకుని, ఎంటెక్‌లో ఇటు రావచ్చు. సీఎస్‌ఈ చెడ్డదని కాదు. పాప మనసు వేరే చోట ఉంది, అంతే.

మీవారి తర్వాతి చెకప్‌కు పాపను తీసుకెళ్లండి. వాళ్ల నాన్న రిపోర్టులో ప్రవాహం గీతలు చూపించమని టెక్నీషియన్‌ను అడగండి. ఓ అరగంట అవి చూశాక కూడా ఇదే మాట మీద ఉంటే, కౌన్సెలింగ్ ఆప్షన్లలో బయోమెడికల్‌ను పైన పెట్టండి.